పడమటి గాలి మంచిదట

ఏలూరు, శనివారం రాత్రి

నాకు నేనే రాసుకుంటున్నాను: నువ్వు పిరికివాడివి. ఆడపిల్లల స్వేచ్ఛ గురించి మీటింగుల్లో గొంతు చించుకుంటావు. నీ కూతురు రేపు పొద్దున్నే విశాఖలో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ల దగ్గర సర్ఫింగ్ చేస్తానంటే మాత్రం వద్దంటావు.

ఫోన్‌లో వాతావరణం చూశాను. ఉదయం పడమటి గాలి అని ఉంది. కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణి. పడమటి గాలి రేగితే మా నాన్న దోనెను గట్టుకు లాగేసేవాడు. వెంటనే సుధకు ఫోన్ చేసి వద్దన్నాను.

"అయ్యో నాన్నా, ఇక్కడ అదే మంచిది. గాలి ఒడ్డు మీంచి వీస్తే కెరటం చెదరకుండా నిలబడుతుంది. మధ్యాహ్నం తూర్పు నుంచి వీస్తేనే పాడు."

"కెరటాన్ని నిలబెట్టే గాలి నిన్ను లోపలికి నెట్టదా?"

"బోర్డు తాడు కాలికి కట్టుకుంటాను కదా!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఏవండీ, మీ ఉపన్యాసాలన్నీ పక్కింటి పిల్లల కోసమేనాండీ?"

ఫోన్‌లోనే సుధతో, "సరే, వెళ్లు తల్లీ" అన్నాను. కానీ ఆ తాడు గట్టిదో కాదో...

రేపటికి నా డిమాండ్లు:

పడమటి గాలి మెల్లగా వీచాలి.
కెరటం సుధ నడుము దాటకూడదు.
తాడు తెగకూడదు.
ఒడ్డెక్కగానే అది ఫోన్ చేయాలి, వాళ్లమ్మకంటే ముందు నాకే.