ఆ ఒక్క కిటికీ

వుయెల్వా, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లే బండి వచ్చేసింది. పొయ్యి మీద మొక్కజొన్న గంజి ఉంది, పిల్లలకు పెట్టు. కోళ్లకు గింజలు వెయ్యి, నీకసలే మతిమరుపు. నా గదిలోకి ఎవరినీ రానివ్వకు.

పక్కింటి నొలిత మొగుడు పోయినప్పుడు, నేల మీద పరుపేసుకుని కూర్చున్న ఆమె చుట్టూ చేరి మేం చావు పాటలు పాడుతుంటే, ఆమె గుండ్రటి ఇంటికున్న ఒక్క కిటికీ నువ్వు తెరిచావు. "కొత్త కోడలివి, పెద్దవాళ్ల మధ్య నీ పెత్తనమేంటే?" అని నలుగురిలో కసిరి నేనే మూశాను. లోపల పాడిన పద్నాలుగు మందిలో పదకొండు మంది మంచం పట్టారు. పెరట్లో వంట చేసినవాళ్లలో ఒక్కరికీ ఈ జబ్బు రాలేదు. ఆ కిటికీ తెరిచే ఉంచాల్సింది.

మీ అత్త

నొలిత ఈ పొద్దున పోయిందట. నీకొక్కదానికే చెబుతున్నా, ఆ రోజు దగ్గుతూ లోపలికి వెళ్లింది నేనొక్కదాన్నే.