సాస్ ఎవరు చేశారంటే

తమ్ముడూ,

మా పేపరు డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది, వెళుతున్నాను. మీ ఆఫీసువాళ్లు వచ్చేసరికి నేనుండను. జపనీస్ స్టేక్ నువ్వే వండాలి.

మాంసం ముక్కలు అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టు. తడి లేకుండా తుడువు. పెనం మీద వేసే ముందే ఉప్పు చల్లు. పెనం మీంచి పొగలు రావాలి. ఒక్కోవైపు రెండు నిమిషాలు చాలు. దించాక ఐదు నిమిషాలు ముట్టుకోకు. ఆ తర్వాతే కోసి, మీద సాస్ పొయ్యి. నూనె చిందుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకో.

సాస్ నిన్ననే చేసి సీసాలో పోశాను. పోయినసారి మీ మేనేజరు, "సాస్ అదిరింది, ఎవరు చేశారోయ్?" అని అడిగితే, "నేనే సార్, ఏదో అలా కలిపేశాను" అన్నావు. మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. వంటింట్లో మీ ప్లేట్లు కడుగుతూ విన్నాను. అలా కలిపేశావా? ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి తురిమి తురిమి కళ్లు వాచాయి నాకు. మెప్పు నీకా?

అక్క

ఇంకో మాట. ఈసారి సాస్‌లో ఒకటి వేయలేదు. అది పడకపోతే ఆ రుచి రాదు. అదేమిటో వాళ్లందరి ముందే ఫోన్ చేసి అడుగు, చెబుతాను. స్పీకర్ పెట్టి, "అక్కా" అని పిలిచి మరీ అడుగు.