సీసాలో వేసిన జమ్మి ఆకు

త్రిపురారంలో ఉన్న అక్కకు, మద్రాసు నుంచి తమ్ముడు దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉన్నాను. బావ దగ్గు తగ్గిందా? మిర్యాలగూడ దవాఖానకు మళ్లీ ఒకసారి పోయి రమ్మను. మన పొలం దాకా కాలువ నీళ్లు వస్తున్నాయా?

ఇక్కడ వాన ఆగడం లేదు. రోజూ సాంబారే, పచ్చిపులుసు ఎవరికీ తెలియదు. మాట్లాడేవాళ్లు తక్కువ, నాకు అది పెద్ద లోటు కాదు. పరేషాన్ కాకు.

నా పని ఏందని అడిగినవు. బంగారాన్ని కంటికి కనపడనంత చిన్న రేణువులుగా నీళ్లలో తయారుచేస్తాను. రేణువులు విడివిడిగా ఉన్నంతకాలం నీళ్లు ఎర్రగా ఉంటాయి. ఒకదానికొకటి అంటుకుంటే నీలం తిరిగి, అడుగున నల్లగా పేరుకుంటాయి. వాటిని అంటుకోకుండా ఎట్లా ఆపాలన్నదే నా పరిశోధన. ఎండాకాలం నుంచి ఒక సీసాను చెడకుండా కాపాడాను. దాన్ని కమిటీకి చూపిస్తేనే నా ఫెలోషిప్ సాగేది.

నువ్వు కవరులో పంపిన జమ్మి దసరా నాడే అందింది. మన దగ్గర జమ్మిని బంగారం అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం గదా. అట్లనే నా పరిశోధన చూసే మా గైడు దగ్గరికి పోయి, "బంగారం తీసుకోండి సార్" అన్నాను. ఆయన కోస్తా మనిషి.

"ఏంటయ్యా ఇది, మేకల మేతా?"

"మా దిక్కు దసరాకు ఇస్తం సార్."

"కాలేజీ మెట్లెక్కకుండా ప్రైవేటుగా పరీక్షలు కట్టి పాసైనవాడివి, ఇంతకంటే ఏం తెస్తావులే. బంగారమైతే బంగారంలోనే ఉండాలిగా!"

నా సీసా మూత తీసి ఆకు అందులో వేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆకు మీది మట్టి, నా చేతి చెమటలోని ఉప్పు సరిపోయాయి. సాయంత్రానికి నీలం, తెల్లారేసరికి ఖతం. కమిటీ ముందు ఆయన, "ఇతనికి శుభ్రత తెలియదండీ" అన్నారు. ఫెలోషిప్ ఆపేశారు. వచ్చే దసరాకు నాకు జమ్మి పంపకు.

నా పని ఇప్పుడు ఆయన మేనల్లుడిది. వాడికి అంతా నేర్పితేనే నా సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. నేర్పాను. మంచి పిల్లవాడు, అన్నా అని పిలుస్తాడు. ఒకసారి వాడిన సీసాను ఘాటు యాసిడ్‌తో కడగకపోతే గాజుకు పట్టిన పాత బంగారం కొత్త రేణువులను లాక్కుంటుంది. ఆ ఒక్క మాట చెప్పలేదు. ఎన్నిసార్లు చేసినా నీలమే వస్తున్నది. నిన్న నా ముందే ఏడ్చాడు. "ఇంకోసారి చెయ్యి తమ్ముడూ" అన్నాను.

సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. వచ్చే వారం కోదాడలో దిగుతాను. సూర్యాపేటలో ట్యూషన్లు చెప్పే పని ఏమైనా ఉన్నదేమో బావను కనుక్కోమను. నాయనకు అప్పుడే చెప్పకు. మీ అత్తమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నన్ను దీవించు. ఆ పిల్లవాడిని కూడా దీవించమని రాయలేను.

నీ తమ్ముడు,
యాదగిరి