మొగ దగ్గర చొక్కా మనిషి

చోడవరం,
16-8-1956.

అమ్మకి,

కొడుకు బంగార్రాజు నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, నూకరత్నం, గుంటలిద్దరూ ఒంట్లో కులాసాగానే ఉన్నాము. నువ్వు, పరదేశి మామ, మన పాలెం వాళ్లంతా గంగమ్మ చల్లని చూపులో ఉన్నారని తలుస్తాను.

సత్యారావు మాస్టారికి ఒక మనవి. నా ఉత్తరం వస్తే మీరు పడవల పాకలో కూర్చుని పదిమందీ వినేలా చదువుతారని అమ్మ రాయించింది. చాలా సంతోషం. కాని ఈ ఒక్క ఉత్తరం మా ఇంట్లోనే, తలుపు దగ్గరగా వేసి, అమ్మ ఒక్కదానికే వినిపించండి. తరవాత ఏం చేయాలో చివర రాస్తాను.

అమ్మా, దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. కోర్టు కట్టల దుమ్ము పీల్చే ఉద్యోగం కదా, మళ్లీ వస్తుంది, మళ్లీ నూకరత్నం మిరియాల కషాయం నా ముక్కు మూసి మరీ పోస్తుంది. చిన్నగుంట బడికి వెళ్తోంది. “ఏటి రాసేవే?” అని అడిగితే పలక వెనక్కి తిప్పి పరికిణీ చాటున దాచుకుంటుంది. తప్పు రాసిందన్నమాట. నా పోలికే వచ్చింది. మాడుగుల హల్వా పళ్లు లేని నోటికి హాయిగా ఉందన్నావు, మళ్లీ కొని ఉంచాను.

ఇక దావా సంగతి. మామ అడగమన్నాడని రాయించావు. మాస్టారు మన పాలెం వచ్చి ఆర్నెల్లే అయింది కనుక, ఆయనకు తెలియడానికి కొంచెం వెనక నుంచి చెబుతాను. నీకు తెలిసినదే, ఓపిక పట్టు.

మాస్టారూ, కార్తీకంలో గుడ్డుతో బరువెక్కిన బొంత చేపలు మా ఏటిలోంచి సముద్రంలోకి పోతాయి. అక్కడ గుడ్లు పెడితే, పిల్లలు మళ్లీ ఏటిలోకి ఎక్కి వస్తాయి. అందుకని దీపావళి మర్నాడు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పసుపు గుడ్డ కట్టిన వెదురు గెడ పాతుతాం. దాన్ని గంగమ్మ గెడ అంటాం. మళ్లీ అమావాస్య వచ్చేదాకా మొగలో ఎవడి వలా తడవకూడదు. తడిపినవాడి వలను ఆ గెడకే కట్టి చివికిపోయేదాకా వదిలేస్తారు. వాడు ఏడాది పాటు ఏటిలో గాని సముద్రంలో గాని దిగకూడదు. మా తాత కాలంలో ఒకడికి ఈ శిక్ష పడిందట. నేను చూడలేదు.

జమీందారీ పోయాక ఏరు సర్కారుది అయింది, చేపల హక్కు వేలం వేశారు. మాడుగుల వైపు గణపతిరావు గారు మూడేళ్లకు పాడుకున్నారు. ఆయనేమీ రాక్షసుడు కాదమ్మా. నాతో మర్యాదగానే మాట్లాడతారు. మూడేళ్ల తరవాత ఏరు ఎవరి చేతికి పోతుందో తెలియనప్పుడు, గుడ్డు చేప ధర పలికే నెలలో ఆయన చేతులు ముడుచుకుని ఎందుకు కూర్చుంటారు? మనకైతే నాలుగో ఏడు కూడా అదే ఏరు, అదే కూడు. గెడ పాతినా సరే మొగకి అడ్డంగా వల కడతానన్నారు, మన వాళ్లు దావా వేశారు. ఆయనది ఈ పక్క ఊరు కనుక దావా ఇక్కడికే వచ్చింది, నేను నకళ్లు రాసే కోర్టుకే. దావా నడుస్తుండగానే నిరుడు కార్తీకంలో ఆయన వల కట్టేశారు కూడా.

పోయిన నెలాఖరున తీర్పు వచ్చింది. మనం ఓడిపోయాం. ఆ మాట అప్పుడే కార్డు ముక్క మీద రాశాను, ఎందుకు ఓడిపోయామో రాయలేదు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, నీకు తెలుగులో చెబుతాను. ఆచారం నిజంగా ఉంటే కోర్టు దాన్ని గౌరవిస్తుంది, కాని ఊరు దాన్ని తప్పకుండా పాటిస్తున్నట్టు కనపడాలి అన్నారు. గణపతిరావు గారి రెండో సాక్షి ఏం చెప్పాడో నీకు గుర్తుందా? ముందటేడు కార్తీకంలో, పొద్దు పొడిచే వేళ, గెడకి పది బారల దూరంలో చొక్కా తొడుక్కున్న మనిషొకడు విసురు వల వేసి రెండు చేపలు పట్టుకుపోయాడని, మొహం మాత్రం కనపడలేదని చెప్పాడు.

దానికి పరదేశి మామ బోనెక్కి ఏమన్నాడో పాలెమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. “సొక్కా తొడుక్కుని వల ఎవడేస్తాడు బాబూ? ఈ సాచ్చికాన్ని ఎక్కడ కొనుక్కొచ్చేరు? ఆ నెల్లో మొగలో మా పాలెం వల తడిసిందంటే, నా నాలిక కోసీండి.” కోర్టంతా నవ్వింది. తలుపు పక్కన కట్టలు పట్టుకుని నిలబడి నేనూ నవ్వాను.

కాని తీర్పు చెప్పిన మునసబు గారు సాక్షిని నమ్మారు. వాదుల పెద్ద చెప్పినది నమ్మదగినది కాదు అని రాశారు. ఆ తీర్పుకి నకళ్లు రాయవలసిన పని నాదే అయింది. మూడు నకళ్లు రాశాను. మామ పేరు పక్కన ‘నమ్మదగినది కాదు’ అని మూడు సార్లు నా చేత్తో రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నువ్వు చిన్నప్పుడు ఊరంతా చెప్పుకు తిరిగేదానివి కదా.

మామ పడవల పాకకి రావడం మానేశాడని, ఎవరు పలకరించినా తల దించుకుని పోతున్నాడని, అన్నం సయించడం లేదని రాయించావు. ఆ తరవాత ఇంకొకటి అడిగావు. “ముందటేడు నాకు జొరం తగ్గినప్పుడు రెండు బొంతలు తెచ్చేవు కదరా, గుడ్డుతోటి. అవి ఎక్కడ కొన్నావు? మీ మామకి అలాటిది ఒకటి పులుసెట్టి పెడితే రెండు ముద్దలు తింటాడేమో” అన్నావు. మిగతావన్నీ గబగబా చెప్పేశాను గాని, ఈ ప్రశ్న దగ్గర వారం రోజులుగా కలం కదలడం లేదు.

ఆ చేపలు కొనలేదమ్మా. ఆ చొక్కా మనిషిని నేనే.

నువ్వు ఇరవై రోజుల జ్వరంతో లేచి, మంచం మీద గుప్పెడు ఎముకలై కూర్చుని, “నోటికేటీ సయించట్లేదురా, బొంత గుడ్డు పులుసైతే దిగుద్దేమో” అన్నావు. అని, నువ్వే నాలిక కరుచుకుని, “ఈ నెల్లో ఎక్కడిదిలే” అన్నావు. మర్నాడు తెల్లవారుతుండగా అటక మీది నాన్న వల దించాను. నీళ్లలో దిగేముందు చొక్కా విప్పాలన్న తెలివి కూడా లేదు, ఎనిమిదేళ్ల చోడవరం కాపురం అది కూడా మరిపించేసింది. గెడ నాకు కనపడుతూనే ఉంది. పసుపు గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. అటు వీపు పెట్టి వల విసిరాను. పక్క పాలెంలో కొన్నానని నీతో అబద్ధం ఆడాను. “తాజాగుందిరా” అని నువ్వు మూడు ముద్దలు ఎక్కువ తిన్నావు. ఆ రోజు నేను చాలా గొప్పవాణ్ణనుకున్నాను.

సాక్షి నోరు విప్పిన రోజునే అది నా సంగతేనని నాకు తెలుసు. నేను ఒప్పుకుంటే దావా పోతుందని సర్దిచెప్పుకున్నాను. నిజానికి పోయేది నా ఉద్యోగమని భయం. నోరు మూసుకున్నాను, అయినా దావా పోయింది, దానితో పాటు మామ మాట కూడా పోయింది. ఆయన జీవితంలో అబద్ధమాడని మనిషి. ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది గణపతిరావు గారు కాదు, మేనల్లుణ్ణి నేను.

పోయిన వారం సంతలో చూశాను. రావికమతం రైతు ఒకాయన చెరుకు తోటకి ఎరువని ఎండు చేప గంపలతో కొంటున్నాడు. వంగి చూస్తే వేలెడంత లేని బొంత పిల్లలు. “ఎక్కడివి?” అంటే మన ఏటి పేరే చెప్పాడు. పోయినేడు గంపలో సగం పెద్ద చేపలే ఉండేవట, ఇప్పుడు అన్నీ ఇంతేనట. అన్నం ముందు కూర్చోలేకపోయాను.

మన ప్లీడరు అనంతపద్మనాభం గారి దగ్గరకు వెళ్లి, ఇంకెవరి సంగతో అయినట్టు అడిగాను, ఒకడు తప్పితే ఆచారం చెల్లకుండా పోతుందా అని. ఆయన కళ్లద్దాలు పైకి తోసి నవ్వారు. “దొంగతనం జరిగిందని చట్టం పోతుందిటయ్యా? దొంగని తెలిసీ వదిలేస్తే పోతుంది. తప్పినవాణ్ణి ఊరు పట్టి శిక్షించిందని ఒక్క రుజువు ఉంటే, ఆ ఆచారం బతికున్నట్టే. అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకుంటారో లేదో నేను హామీ ఇవ్వలేను. గట్టిగా అడగడానికి మాత్రం ఉంటుంది.” అప్పీలుకి ఇంకా పదహారు రోజులు గడువుంది.

ఇంటికొచ్చి నూకరత్నానికి అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరడం పూర్తి చేసింది. “ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుందుం. ఆ మొగ పోతే ఇంకో మొగ ఎక్కడ తెస్తావు? మావయ్యకి మొకం ఎలా సూపిస్తావు?” అంది. అన్నాక అప్పుడు ఏడ్చింది. దావా మన వాళ్లదని చెప్పకుండా నకళ్లు రాసినందుకు పైవాళ్లు నన్ను ఊరికే వదలరు. ఉద్యోగం ఊడితే వచ్చి వల పట్టుకుందామన్నా, ఏడాది పాటు నాకు నీళ్లు లేవు. అది న్యాయమే.

అమ్మా, నీ నోటిలో పెట్టిన ముద్దకి నువ్వు బాధపడకు. నువ్వు ఎక్కడిదిలే అని ఊరుకున్నావు, నేను ఊరుకోలేదు, ఎవరడిగినా ఇదే చెప్పు. నా మీద కోపం వస్తే రానీ, వచ్చాక నా ఎదురుగానే తిట్టు.

మాస్టారూ, ఇప్పుడు తలుపు తీయండి. పరదేశి మామని పిలిపించండి, పడవల పాకలో అందరినీ కూర్చోబెట్టి, ఈ ఉత్తరం మొదటి నుంచి గట్టిగా చదవండి. పంచాయితీ పెట్టి, నాకు వేసే శిక్ష కాగితం మీద రాసి, పెద్దల వేలిముద్రలు వేయించి ఉంచండి. శనివారం బస్సుకి నేను వస్తున్నాను. ఆ కాగితం ప్లీడరు గారికి నేనే తెచ్చి ఇస్తాను, కోర్టులో నేనే నిలబడి చెబుతాను. మామ నాలిక ఎవరూ కోయక్కర్లేదు, ఆయన తనకి తెలిసినదే చెప్పాడు, అంతే.

అమ్మా, గెడ పాతడానికి కార్తీకం దాకా ఆగొద్దని మామతో చెప్పు. నాన్న అల్లిన వల అది, నాన్న పోయాక నువ్వు ఎవరికీ ఇవ్వలేదు, ఎలకలు కొట్టకుండా ఏడాదికోసారి ఎండబెడుతూ దాచావు. అటక మీంచి నువ్వే దించి మామ చేతికియ్యి. గెడకి కట్టేటప్పుడు ముడి మాత్రం నన్నే వేయనివ్వమను.

ఇట్లు,
చొక్కా విప్పడం మరిచిపోయిన నీ కొడుకు,
బంగార్రాజు.