సుజాత గీసిన పంపు మూత

నేను యాదమ్మ, డెబ్బై రెండేండ్లు, యాకుత్‌పురాల ఒక్కదాన్నే ఉంటున్న.

సుజాతా, నీ ఏడాది మాసికానికి పిలుద్దామని పొద్దున నువ్వు పనిచేసిన కార్ఖానకు పోయిన. నువ్వు కంప్యూటర్ల పాత ప్రోగ్రాంల గీసిన పంపు మూత బొమ్మను వాళ్ల కొత్త ప్రోగ్రాంల తెరిస్తే రెండు బోల్టు తూట్లు కనపడలేదట.

"మీ బిడ్డనే మరిచిందమ్మా" అన్నడు సేటు.

నాకు మండింది. ఆ బొమ్మతోని నువ్వు మొదలు చేయించిన ఇనుప మూత మన పచ్చడి జాడి మీద బరువుకున్నది గద, ఇంటికి పోయి తెచ్చి ఆయన బల్ల మీద కొట్టిన.

"లెక్కపెట్టు సేటూ! మరిచింది నా బిడ్డనా, నీ కంప్యూటరా?"

ఆరు తూట్లు. పాత ప్రోగ్రాంల తెరిచి చూసిన్రు, అండ్ల గూడ ఆరే. సేటు తలకాయ వంచిండు. మూతను నమూనాకు ఉంచుకుంటమన్నడు. ఇయ్యలే.

జాడి ఖాళీనే బిడ్డా, ఒక్కదానికి పచ్చడెందుకు? అయినా మూత మల్ల దాని మీదనే పెట్టిన.

యాదమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: చెప్పింది చెప్పినట్టు రాసిన రఫీక్ భాయ్, పక్కింటి లక్ష్మి.