నీ బోర్డు పట్టే బండి

బొడ్డగెడ్డ,
జి.మాడుగుల మండలం,
12-11-2024, మంగళవారం.

నా బంగారు తల్లి కృపావతికి, మీ నాన్న సోంబరు గుండెనిండా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు ఆవులు, అందరం బాగున్నాం. విశాఖలో నువ్వూ, నీ సముద్రమూ బాగున్నారని తలుస్తాను. మన సెల్లు టవరు మళ్ళీ పడుకుంది, అందుకే కాగితం పట్టాను.

చెన్నై పోటీకి నిన్ను ఎంచారన్న కబురు విన్న కాడినుంచి నా కాళ్ళు నేలమీద ఆనడం లేదమ్మా. కాఫీ పళ్ళు కోస్తూ కోస్తూ నాలో నేనే నవ్వుకుంటన్నాను. పక్క చెట్టు కాడ మీ పిన్ని రత్నాలు, ఏటి బావా, పళ్ళతో మాటాడతన్నావా అని ఒకటే ఎగతాళి. చెక్క మీద నిలబడి, తెరచాప పట్టుకుని, గాలితో సముద్రం మీద పరిగెత్తే ఆడగుంట ఈ కొండల్లో ఇంకెవరికుంది చెప్పు!

బస్సోళ్ళు నా సామాను ఎక్కించుకోవడం లేదు, పాత బండి ఒకటి చూడు నాన్నా, నువ్వు కొలిచి సరే అంటే చాలు, శుక్రవారం వచ్చి తీసుకుపోతాను, శనివారం తెల్లారే సామాను వేసుకుని చెన్నై బయల్దేరాలి అన్నావు కదా. నిన్న సంతకి అదే పనిమీద వెళ్ళాను. మన పద్ధతి నీకు తెలుసు. ఇంటి వాసమైనా, పెళ్ళి పందిరైనా వెదురుకర్రతోనే కొలుస్తాం. పోయిన నెల నువ్వు బోర్డు తెచ్చినప్పుడు దాని పొడవుకి కోసి ఉంచిన కర్ర భుజాన వేసుకుని పోయాను. ఎవుడిని కొట్టడానికి మామా అని దారంతా అడిగేవాళ్ళే.

ముందు మల్లేశు అమ్ముతానన్న జీపు చూశాను. లోపల కర్ర పట్టలేదు గానీ టాపు మీద చక్కగా పట్టింది. తాళ్ళు కట్టడానికి ఇనప చువ్వలున్నాయి. ఈ ఘాటీలో నా జీపు ఆగిపోతే నన్నే కట్టి లాగించు మామా అన్నాడు. అయినా నాకు నచ్చలేదు. తరవాత కిరాణా షావుకారు వరహాలరావు గారి వ్యాను చూశాను. సబ్బులూ బిస్కట్లూ తెచ్చే తెల్ల వ్యాను, వెనక అంతా మూత, రెండు తలుపులు, తాళం. కర్రని మూలనుంచి మూలకి పెడితే ఇమిడిపోయింది. తలుపులు పడ్డాయి. వానకి తడవదు, ఎండకి తెరచాప పాడవదు, కోతులు పీకవు. ఇదే ఖాయం అని చెప్పేశాను. ఎందుకు సోంబరూ నీకు వ్యాను అని అడిగిన వాళ్ళందరికీ, మా కృపావతి పోటీకి అని గట్టిగా చెప్పాను. నీ అదృష్టమే అదృష్టం అన్నారు షావుకారు గారు.

శుక్రవారం బేగి రా. మీ అమ్మ చామదుంపలు తవ్వి ఉంచింది.

ఇట్లు,
నిన్ను చూసి మురిసిపోయే నాన్న,
సోంబరు

తా.క.: తల్లీ, పైదంతా మీ అమ్మకి చదివి వినిపించాను. మీ అమ్మ లేచి, మూలనున్న కర్ర పట్టుకుని, నిన్నటిదాకా ఇది అటకని తాకేది, ఇవాళ ఎందుకు తాకదు, కొస ఇంత తెల్లగా ఎందుకుంది అని అడిగింది.

వ్యానులో కర్ర పట్టలేదమ్మా. షావుకారు కొట్టు వెనక్కి పోయి జానెడు కోసేశాను. నీ బోర్డు ఎవరి కంటా పడని మూత బండే నాకు కావాలనిపించింది. పోయిన నెల నీ బోర్డు నల్లసంచిలో జీపు టాపు మీద వస్తుంటే, పెద్దాసుపత్రి నుంచి ఎవరి శవమో వచ్చిందని ఆడోళ్ళు ఏడుస్తూ ఎదురొచ్చారు కదా. నువ్వు నవ్వేశావు. మర్నాడు జీలుగు కల్లు కాడ, సోంబరు కూతురు బిగుతు బట్టలేసుకుని చెక్కలెక్కి ఊరేగుతాదట అని నన్ను ఆటపట్టించారు. నేను తల దించుకున్నాను. నిన్న సంతలో కూడా నీ పేరెత్తలేదు. లంబసింగి లాడ్జీ వాళ్ళ మంచాలు మొయ్యడానికి వ్యాను అని చెప్పాను.

ఉత్తరం చించి వేరేది రాస్తానంటే మీ అమ్మ ఒప్పుకోలేదు. కన్నబిడ్డకి ఎంత తియ్యగా అబద్ధం చెప్పగలవో అది కూడా తెలియనీ అంది. శనివారం తెల్లారి తలుపు పడకపోతే, నాన్న కొలిచాడు కదా, నేనే సరిగ్గా పెట్టడం లేదు అనుకుని నువ్వు మళ్ళీ మళ్ళీ తోసి చూసేదానివి. అది తలుచుకుంటే నా మొహం నేను చూసుకోలేకపోతున్నాను.

ఇప్పుడే పోయి వ్యాను వద్దని, మల్లేశు జీపే కావాలని చెప్తాను. ఎందుకని షావుకారు అడుగుతారు. కొట్టు ముందు నలుగురూ ఉంటారు. వాళ్ళ ముందే, ఎవరి సామానో, ఆ సామానుతో నువ్వేం చేస్తావో చెప్తాను. చెప్పాకే ఈ ఉత్తరం విశాఖ బస్సు కండక్టరు చేతికిస్తాను. నీకు అందిందంటే, చెప్పానన్నమాట.