ఓటమెరుగని నల్లకోటు పంపకం

సమస్త జనులకు, ముఖ్యంగా నా దుకాణం ముందుగదిలో కూర్చుని లేచేవారికి, ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: బెంచీ కుంటికాలి కింద నేను పెట్టిన అట్టముక్కను నా జీవితకాలంలో గాని, నా తదనంతరం గాని ఎవ్వరూ కదపరాదు. గోడగడియారం కాస్త ముందుకు నడుస్తుంది. దాన్ని సరిచేయరాదు. ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు రైలు అందుకుంటున్నది దాని పుణ్యమే. తలుపుకి "ఇప్పుడే వస్తాను" అన్న బోర్డు వేలాడుతుంటే నేను లోపలే ఉన్నానని, వచ్చినవాళ్ల మొహం నాకు నచ్చలేదని అర్థం చేసుకోవలెను. ఈ మూడు ముఖ్య విషయాలూ తేలిపోయాయి కనుక ఇక ఆస్తిపాస్తుల వంటి చిల్లర సంగతులకు వస్తాను.

నేను, యూనివర్సిటీ వెనక గేటు ఎదుట బట్టల మరకలు తీసి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం యజమానురాలిని, యాభై దాటినదాన్ని, డిగ్రీ రెండో ఏడు దాకా చదివి మూడో ఏడు మొహం చూడనిదాన్ని, పూర్తి స్పృహతో, స్థిరమైన మతితో, ఎవరి ప్రోద్బలమూ ప్రలోభమూ లేకుండా నా ఇష్టపూర్వకంగా వ్రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా: ఈ శుక్రవారం నా పిత్తాశయంలోంచి రాళ్లు తీస్తారు. డాక్టరుగారు "చిన్న ఆపరేషనేనమ్మా" అని మూడుసార్లు అన్నారు. ఒక్కసారి అని ఊరుకుంటే నమ్మేదాన్ని. అందుకని ఇది.

1. నా ఒక్కగానొక్క తమ్ముడికి నా స్కూటరు, ఇంట్లోని టీవీ, మంచం, బీరువా సర్వహక్కులతో చెందవలెను. నాన్న నా పేరున రాసిన దుకాణం మాత్రం చెందదు. నాకు నొప్పి వచ్చి లోపల గదిలో పడుకుని ఉండగా వాడు ముందుగదిని టేపు పెట్టి కొలిచాడు. ఫోన్లు అమ్మేవాళ్లెవరో అద్దెకు అడిగారట. నేను తల ఎత్తి చూస్తే "ఊరికే కొలుస్తున్నానక్కా" అన్నాడు. ఆ టేపు కూడా నాదే. కాబట్టి టేపు వాడికి ఇస్తున్నాను, ఊరికే కొలుచుకోవచ్చు. మా నాన్న కత్తెర కూడా వాడిదే. ఈ దుకాణం పెట్టి, చిరుగులు కుట్టి, మమ్మల్ని పెంచింది ఆ కత్తెరతోనే. చిన్నప్పుడు వాడు దానితో నా జడ కత్తిరించాడు, నేను ఆ జడను వాడి స్కూలు చొక్కా వెనక తోకలా కుట్టి పంపాను. దెబ్బలు ఇద్దరం సమానంగా తిన్నాం. అంత సమానమైన పంపకం మా మధ్య మళ్లీ జరగలేదు. వాడి మీద నాకు కోపం లేదు. ఉన్నా శుక్రవారం దాకానే.

2. మా మరదలికి నా రాళ్లు. నా దగ్గర ఎక్కడో రాళ్ల నగలు దాచి ఉన్నాయని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం. శుక్రవారం బయటపడే రాళ్లను కడిగి, ఎర్ర మఖమల్ పెట్టెలో పెట్టి ఆమెకు అందజేయవలసిందిగా డాక్టరుగారిని కోరాను. ఆయన నవ్వలేదు. నా ముత్యాల గొలుసు మాత్రం నిజంగానే ఆమెకే ఇస్తున్నాను. అది పెట్టె అడుగున ఉంటుంది, రాళ్లు చూసి విసిరికొట్టకుండా ఉంటే దొరుకుతుంది.

3. ఈ దుకాణంలో నాతోబాటు నెరిసిన ఇస్త్రీ మేస్త్రికి దుకాణం, అందులోని యంత్రాలు, పెద్ద ఇస్త్రీ పెట్టె, వెనక గది చెందవలెను. షరతు ఒక్కటే, ముందుగది పిల్లలది. పరిశోధన చేసే పిల్లలు ఇంటర్వ్యూకో సదస్సుకో వెళ్లబోయే ముందు అక్కడి నిలువుటద్దం ఎదుట నిలబడి తమ మాటలు వల్లె వేసుకుంటారు. వినేది నేనూ మేస్త్రీ. నేను నడుమ నడుమ దగ్గుతాను, ఆవులిస్తాను, "అయితే ఏంటట?" అంటాను, ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు అలా అంటారు గనక. మేస్త్రి ఏమీ అనడు. మాట అర్థంకాకపోతే ఇస్త్రీ చేసుకుంటూ పోతాడు. బాగుంటే పెట్టెను నిలబెట్టి చెవి ఇటు పడేస్తాడు. పెట్టె నిలబడిందంటే ఆ పిల్ల పాసు. ఈ పద్ధతి మారరాదు.

4. నా స్వార్జితమైన పైఅంతస్తు, దాని మీద వచ్చే అద్దె పూర్తిగా పరిశోధక విద్యార్థుల ప్రయాణాలకు, చదువు తర్వాతి బతుకుతెరువు నేర్చుకోవడానికి వినియోగించవలెను. అంటే సదస్సుకు రైలుచార్జీ, గోడకంటించే పెద్ద పోస్టరు అచ్చు, దరఖాస్తు రుసుం, కొత్త పరికరం నేర్పే చోట నాలుగు రోజుల బస, ఇలాంటివి. యూనివర్సిటీ వాళ్లు ఏమంటారంటే, ముందు మీరు పెట్టుకోండి, రసీదులు తెస్తే తర్వాత ఇస్తాం అంటారు. ముందు పెట్టుకోగలిగినవాళ్లు వాళ్లని అడగడం దేనికి? కాబట్టి నా డబ్బు ముందే ఇవ్వాలి. రసీదులు అడగరాదు. యూనివర్సిటీ సొమ్ము ఏనాటికైనా వస్తే దాన్ని తర్వాతి పిల్లకు వదిలిపెట్టాలి. అర్హత మేస్త్రి పెట్టె నిలబడడమే, ఇంక ఏ మార్కులూ వద్దు.

దీనికి అమలుదారుగా వానపాముల డాక్టరమ్మను నియమిస్తున్నాను. వానపాముల మీద పరిశోధన చేసి, ఇప్పుడు ఎదుటి గేటు లోపలే పాఠాలు చెబుతున్న మనిషి. ఆవిడ వద్దంటే ఒప్పుకోవద్దు, మొదట వద్దనడం ఆవిడ అలవాటు.

5. సదరు యూనివర్సిటీ ఆఫీసులో స్టైపెండు కాగితాల మీద సంతకం పెట్టే సారుకు ఒక చెక్క హ్యాంగరు. ఆయన పొద్దున్నే వచ్చి కుర్చీకి కోటు తొడిగి మాయమైపోతారు. పిల్లలు వెళ్లి అడిగితే పక్కసీటు ఆయన "కోటు ఉంది కదా, ఇక్కడే ఎక్కడో ఉంటారు" అంటాడు. మూడు నెలలు ఆ కోటుకి దండాలు పెట్టి వచ్చిన పిల్లలున్నారు. ఒకసారి అది ఉతకడానికి వచ్చినప్పుడు జేబులో "ఈ కోటు లోపల మనిషి లేడు" అని చీటీ రాసి పెట్టాను. ఆ వారం స్టైపెండు వచ్చింది. హ్యాంగరు ఇస్తే కోటు దాని మీద ఉంటుంది, ఆయన కుర్చీలో ఉంటారు. అంతకంటే పగ లేదు.

6. ఇక నల్లకోటు. ఇది ఒకానొక గొప్ప శాస్త్రవేత్తది. ఆవిడను మేము పెద్ద మేడమ్ అంటాం. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఈ కోటే, ఎక్కడా కాదనిపించుకోలేదు. ఒకసారి ఉతకడానికి ఇచ్చి, ఎక్కడో పెద్ద పదవి వచ్చి అటునుంచి అటే వెళ్లిపోయింది. అద్దం పైన కళ్లజోడుతో, ఎవరినీ లెక్కచేయనట్టు చూసే ఫోటో ఆవిడదే. ఈ కోటు మొదట వేసుకుని వెళ్లింది డాక్టరమ్మ, ఫెలోషిప్పుతో తిరిగొచ్చింది. తర్వాత ఎందరో. మగపిల్లలకూ సరిపోతుంది. స్టైపెండు వేళకు రాదు గనక పరిశోధన చేసే మగపిల్లలు సన్నగానే ఉంటారు. దీనికి ఒక నియమం ఉంది. రెండో గుండీ ముందు పెట్టుకుని తర్వాత మొదటిది పెట్టుకోవాలి. కాదనిపించుకుని వచ్చిన ప్రతి పిల్లా ఆ నియమం తప్పినదే, నేను అడిగి తెలుసుకున్నాను. సరిగా గుండీ పెట్టించి మళ్లీ పంపితే, మళ్లీ పంపితే, గెలిచి వచ్చింది.

ఈ కోటును గడ్డిపిల్లకు ఇద్దామనుకున్నాను. ఆ పిల్ల ఉప్పునేలలో పెరిగే ఒక గడ్డి మీద పరిశోధన చేస్తుంది. ఈ నెలతో స్టైపెండు ఆగిపోతుంది. శనివారం ఫెలోషిప్పు ఇంటర్వ్యూ, శుక్రవారం రైలు. ఇది రాకపోతే పరిశోధన మానేసి లెక్కలు చూసే కొలువేదో చేసుకుంటానంది. నిన్న సాయంత్రం అద్దం ముందు నిలబడి చెప్పడం మొదలెట్టింది. మేస్త్రి అప్పుడే కోటు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ గడ్డి ఒంట్లో చేరిన ఉప్పునంతా ఒక ముసలి ఆకులోకి నెట్టి, ఆ ఆకును రాల్చేసి, తను బతుకుతుందట. మేస్త్రి తల ఎత్తి "మరి ఆ ఆకు సంగతి?" అన్నాడు. పిల్ల చెబుతూ ఉంది, ఆయన వింటూ ఉన్నాడు, నేనూ వింటూ ఉన్నాను. వాసన వచ్చేసరికి కోటు వీపున పెట్టె ఆకారం దిగిపోయింది, అవతల పెట్టిన వేలు కనిపించేంత.

పిల్ల బెంచీ మీద కూలబడింది. "కోటే కాలిపోయాక నేనెందుకక్కా వెళ్లడం, టికెట్టు దండగ" అంది. మేస్త్రి రాత్రి అన్నం తినలేదు. కాబట్టి ఈ క్లాజు ప్రకారం ఇవ్వవలసిన కోటు, ఇవ్వదగిన స్థితిలో లేదు. మిగతాది ఎనిమిదిలో.

7. ఇది ఇవ్వడం కాదు, పుచ్చుకున్నవి ఒప్పుకోవడం. వానపాముకు గుండెలాంటివి అయిదు జతలుంటాయని నాకు తెలుసు. పాత వంతెన పగులుకు చెవి ఆనిస్తే ఏం వినిపిస్తుందో తెలుసు. మూడో ఏడు చదవనిదానికి ముందుగదిలో కూర్చోబెట్టి ఇంత చదువు ఎవరు చెబుతారు? ఒక పిల్లాడు తన సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో "మా ఇస్త్రీ అక్కకు" అని వాళ్లమ్మ కంటే ముందు వేశాడు. వాళ్లమ్మ వచ్చి నాతో తగువు పెట్టుకుంది, తర్వాత నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు నొప్పి వచ్చిన రోజు స్కానింగు గది బయట వంతులేసుకుని కూర్చున్నది ఈ పిల్లలే. నర్సు "మీకు ఇంతమంది పిల్లలా?" అంటే "అందరికీ తండ్రులు వేరు" అన్నాను. వాళ్లు ఇచ్చిన గ్రంథాలన్నీ బెంచీ పైన అరలో ఉన్నాయి. అవి అక్కడే ఉండవలెను. బట్టల మీద బరువుకు పెట్టరాదు. మీ అందరికీ నేను రుణపడి ఉన్నాను. తీర్చే ఉద్దేశం లేదు, బాగుంది ఈ రుణం. నన్ను ఆంటీ అన్న ఇద్దరిని కూడా క్షమించాను.

8. ఈ ఆఖరి క్లాజు నా చావు కోసం ఆగదు. శుక్రవారం పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్లగానే డాక్టరమ్మ దుకాణానికి వచ్చి, మేస్త్రి, గడ్డిపిల్ల వింటుండగా, అద్దం ముందు నిలబడి దీన్ని పైకి చదవవలెను. మనిషి బతికుండగా వీలునామా చదవరని లాయరుగారు అన్నారు. ఆయన ప్యాంట్లు రెండు నా దగ్గర ఉన్నాయి, ఇంకేమీ అనలేదు. నేను లేచి వస్తే ఈ వీలునామాను రద్దుపరచుకునే హక్కు నాకు కలదు, ఈ క్లాజు తప్ప. చదివేసినదాన్ని వెనక్కి తీసుకోలేను.

పెద్ద మేడమ్ అనే మనిషి లేదు. ఏనాడూ లేదు. ఆ ఫోటో ఫ్రేము కొంటే దానితోబాటు వచ్చింది. మీరందరూ వెళ్లే ముందు దానికి చెప్పి వెళుతుంటే, లోపలికి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను.

కోటు నాది. ఎవరికో కుట్టగా మిగిలిన నల్లగుడ్డతో నాన్న కుట్టాడు, ఇదే యూనివర్సిటీలో ల్యాబు అటెండరు ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం. లోపల నలుగురు కూర్చున్నారు. నేను ఏదో చెప్పాను, నలుగురూ నవ్వారు. నా జీవితంలో నవ్వించాలనుకోకుండా అన్న మాట అదొక్కటే. ఇంటికొచ్చి కోటు మేకుకి తగిలించాను. మరుసటేడు మళ్లీ పిలుపొచ్చింది, వెళ్లలేదు.

డాక్టరమ్మా, నువ్వు ఆ వానలో వణుకుతూ వచ్చి "అందరికీ కోట్లున్నాయక్కా, నాకు లేదు" అన్నావు. ఇది నాది, దీంతో నన్ను వెనక్కి పంపారు అని చెప్పి ఎలా తొడగను? అందుకని పెద్ద మేడమ్‌ను అక్కడికక్కడ పుట్టించాను. గెలిచింది నువ్వే. రెండో గుండీ కూడా నా కల్పనే. ఓడి వచ్చినవాళ్లను మళ్లీ పంపాలంటే వాళ్లది కాని తప్పు ఒకటి కావాలి కదా.

మేస్త్రీ, నువ్వు కాల్చింది నా పాత కోటు. అన్నం తిను.

గడ్డిపిల్లా, ఇన్నేళ్లలో మేస్త్రి పెట్టె నిలబెట్టడం చూశాను, నిలబెట్టడం కూడా మరిచిపోవడం నిన్ననే చూశాను. నీ నీలం చొక్కా ఇస్త్రీ అయి కౌంటరు మీద ఉంటుంది. అది వేసుకుని రైలెక్కు. రాకపోతే మళ్లీ వెళ్లు. ఆ కోటు వేసుకుని, ఒకసారి కాదనిపించుకుని, మళ్లీ వెళ్లనిది నేనొక్కదాన్నే. నాకు ఇంకొకరు తోడు అక్కర్లేదు.

జూన్ పదకొండో తేదీ, మంగళవారం, దుకాణం ముందుగదిలో, కుంటిబెంచీ మీద కూర్చుని స్వహస్తాలతో వ్రాసి, చదువుకుని, సంతకం చేసితిని.

(సంతకం) ఇస్త్రీ అక్క

సాక్షులు:
1. ఎదుటి మందుల షాపు యజమాని (చదవకుండానే సంతకం పెట్టబోతే కూర్చోబెట్టి చదివించాను)
2. పైఅంతస్తులో అద్దెకుంటున్న డ్రాయింగు మాస్టారు (చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఆ ఫోటో ఆవిడ తనకు బాగా తెలుసని అందరితో చెప్పుకున్నానని ఒప్పుకున్నారు)